ఈ లోకం వరకే

మందిరం లోపల పెళ్ళిలో ఏం జరుగుతుందనా? శుక్రవారం నువ్వే వెళ్తున్నావుగా బ్రిన్, వెళ్ళి చూసుకో. ఈ తాతనడిగే బదులు మీ అమ్మనడగలేకపోయావా? ఓహో, "వెళ్ళాక నీకే తెలుస్తుందిలే" అందా. అంటుంది, ఆ గుట్టు వాళ్ళమ్మది. సరే కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇటు రా. చెప్పకూడనివి నేనూ చెప్పను, చెప్పదగ్గది చెబుతాను. ఏమంత హడావిడి ఉండదు తల్లీ. పాట ఉండదు, బాజా ఉండదు, నాన్న చెయ్యి పట్టుకుని నడిపించుకు రావడం ఉండదు. చిన్న గది. అందరూ తెల్లబట్టలే, కాళ్ళకి వేసుకునేవాటితో సహా. గది మధ్యలో బలిపీఠం, ముఖమల్ మెత్త, దానిమీద లేసు గుడ్డ. నువ్విటు, పెళ్ళికొడుకు ట్యానర్ అటు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు పట్టుకుంటారు. ముడి వేసే పెద్దాయన నాలుగు మంచిమాటలు చెబుతాడు. కొందరు మరీ వివరంగా చెబుతారులే, అంట్ల గిన్నెలు ఎవరు కడగాలో కూడా. ఆ తర్వాత అడుగుతాడు, మీరు అవునంటారు, అంతే. టర్కీ కోడికి ఈకలు పీకినంతసేపు కూడా పట్టదు. కానీ ఆ కాసేపట్లోనే, చచ్చేదాకా కాదు, చచ్చాక కూడా విడిపోకుండా ముడి పడిపోతుంది. మీ ఇద్దరికే కాదు, మీకు పుట్టబోయేవాళ్ళక్కూడా.

మీ అమ్మమ్మకి ముడి పడ్డప్పుడు నేనెక్కడున్నానో తెలుసా? బయట. మందిరం పక్కన కొండవాలు గడ్డిలో, పెళ్ళికొడుకు థేన్ టోపీ ఒళ్ళో పెట్టుకుని. నాకింకా చర్చివాళ్ళు లోపలికి పోయే అనుమతి ఇవ్వలేదు, కుర్రవెధవని. "ఒరేయ్ రూలన్, దీన్ని కింద పెట్టకు, గడ్డిమరక అంటితే మా అమ్మ నా తోలు వలుస్తుంది" అని టోపీ చేతికిచ్చి వెళ్ళాడు వాడు. మేమిద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం, ఒకే కొండ మీద గొర్రెలు కాశాం. వాడు అందగాడమ్మా. అబద్ధమెందుకు, నేను వాడి పక్కన నిలబడితే దిష్టిబొమ్మలా ఉండేవాణ్ణి. సరే, తలుపు తెరుచుకుంది. ఇద్దరూ బయటికొచ్చారు. మీ అమ్మమ్మ నెల్డా ఎండకి కళ్ళు చికిలించుకుని నవ్వుతోంది. అప్పటిదాకా ఆ పిల్లని రోజూ చూస్తూనే ఉన్నాను, పాల డబ్బా మోసుకుపోయే పొరుగింటి పిల్ల. ఆ పూట మాత్రం... ఏం చెప్పను, టోపీ ఇవ్వడం కూడా మర్చిపోయి నిలబడ్డాను. వాడే వచ్చి లాక్కున్నాడు. సాయంత్రం విందు మన చర్చి హాల్లోనే. ఇప్పటిలాగే బాస్కెట్‌బాల్ ఆడే చోటే, బుట్టకి తెల్ల కాగితాలు చుట్టారు. ఆకుపచ్చ జెల్లీలో క్యారెట్ తురుము అప్పుడూ వేశారు. దాన్నెవరు కనిపెట్టారో గానీ, నాకిప్పటికీ గొంతు దిగదు. నీ విందులో అది పెట్టకపోతే నీకు పుణ్యముంటుంది.

ఏడాది తిరక్కుండా పోయాడు వాడు. గొర్రెల్ని కిందికి తోలుకొస్తుంటే లోయదారిలో మంచు మీద ట్రక్కు జారింది. ఆ తర్వాత మూడు చలికాలాలు నెల్డా వాళ్ళ పొయ్యిలోకి కట్టెలు నేనే కొట్టాను. ఊళ్ళోవాళ్ళు ఏమీ అనలేదు, కట్టెలు మరీ ఎక్కువయ్యాయని నవ్వుకున్నారంతే. ఒకరోజు టర్కీల కొట్టం దగ్గర అడిగేశాను. టర్కీల సంగతి నీకు తెలీదు, అవి ఉరుముకి భయపడి ఒకదాని మీదొకటి ఎక్కేసి ఊపిరాడక చస్తాయి. ఆ పూటా ఉరిమింది. ఇద్దరం వాటి మధ్య పడి చేతులూపుతూ విడదీస్తున్నాం. ఒళ్ళంతా రెట్ట, ఈకలు. అదేనా పెళ్ళి అడిగే వేళ? అడిగాను. ఆవిడ ఆగింది. "చూడు రూలన్, ముందే చెబుతున్నాను. నాకు మొగుడున్నాడు. చచ్చిపోయాడంతే" అంది. తెలుసన్నాను. "నీతో ముడి పడదు. ఉట్టి పెళ్ళే, ఈ లోకం వరకే. పిల్లలు పుట్టినా అక్కడ వాడి లెక్కలోకే పోతారు. తర్వాత ఏడవకూడదు మరి." నాకు ఈ లోకం చాలు అన్నాను. ఇరవై నాలుగేళ్ళవాడికి ఈ లోకం ఎంత పొడుగ్గా కనిపిస్తుందో నీకు తెలుసు. వాళ్ళమ్మ ముందుగదిలో బిషప్పు గారు పెళ్ళి చేశారు. ఆయన "మరణం వరకు" అన్నప్పుడు కొంచెం గొంతు తగ్గించారు పాపం, నేను నొచ్చుకుంటానని. నేనెక్కడ వింటున్నాను, ఆవిడ చెవి పక్కన వెంట్రుక ఎగురుతుంటే దాన్నే చూస్తున్నాను.

థేన్ వాళ్ళమ్మ ఉండేది, ఇంగర్ పెద్దమ్మ. మహాతల్లి. ఆదివారం చర్చి అవగానే మన పిల్లల్ని వరసగా నిలబెట్టి తలలు నిమిరేది. "మా థేన్ పిల్లలు! చూడండి ఆ నుదురు, అచ్చం మా వాడిదే!" నుదురు సరేగానీ పెద్దమ్మా, ఈ బండ ముక్కు ఎవరిది అని నోటిదాకా వచ్చేది. ఆవిడ సీసాలు సీసాలు ఆప్రికాట్ జామ్ ఇచ్చేది, అవి మోసుకుంటూ వెనకాల నేను. మీ అమ్మతో ఒకసారి "మీ నాన్న చూస్తే ఎంత మురిసిపోయేవాడో" అంది. మీ అమ్మకి ఐదేళ్ళు, వెనక్కి తిరిగి నన్ను చూసి "మురిసిపో నాన్నా" అంది! కోపమా? ఆవిడ మీద కోపమెందుకమ్మా. కొడుకు పోయినదానికి ఆ మాటొక్కటే మిగిలింది. కానీ ఇంటికొచ్చి ఆ జామ్ మాత్రం తినేవాణ్ణి కాదు.

మీ అమ్మ పెళ్ళికి మటుకు లోపలికెళ్ళాను. అప్పటికి నాకూ అనుమతి ఉంది. ఇందాక చెప్పానే, ఆ గదిలో ఎదురెదురు గోడలకి రెండు పెద్దద్దాలుంటాయి. మధ్యలో నిలబడితే నువ్వు, నీ వెనక నువ్వు, దాని వెనక నువ్వు, అలా చివరన్నది కనపడదు. మీ అమ్మా నాన్నా నిలబడి చూసుకున్నారు. అందరూ వెళ్ళిపోయాక మీ అమ్మమ్మ వెళ్ళి నిలబడింది. నేను పక్కకి తప్పుకున్నాను. ఆ అద్దాలు నావి కావు కదా, ముడి లేనివాణ్ణి. గోడకి చేరి చేతులు కట్టుకున్నాను. ఆవిడ అద్దంలోంచే చూసి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి నా చొక్కా పట్టుకుని లాగింది. "ఎక్కడికి పోతావు? నిలబడిక్కడ" అంది. నిలబడ్డాను. బయట ఫొటోల కోసం పిలుస్తుంటే వెళ్ళిపోయాం. ఆ ఒక్కమాట పట్టుకునే ఇన్నేళ్ళూ లాక్కొచ్చాను, పిచ్చివాణ్ణి.

అడగలేదా అంటే, అడిగాను. చివరి రోజుల్లో, మంచం పక్కన కూర్చుని. "నెల్డా, అక్కడికెళ్ళాక మరి..." అని నసిగాను. "ముందు నన్ను చావనివ్వు, ఆ దుప్పటి సర్దు" అంది. సర్దాను. ఇప్పుడు సమాధుల దొడ్లో మధ్యన ఆవిడ పడుకునుంది, అటు వాడు, ఇటు నా ఖాళీ జాగా. పునరుత్థానం రోజున లేస్తారు కదా అందరూ. లేవగానే ఏ పక్కకి తిరుగుతుందా అని, మెలకువొచ్చినప్పుడల్లా అదే ఆలోచన. వాడేమో ఇరవై రెండేళ్ళ కుర్రాడు. ఆవిడ కాదంటే నేను తట్టుకోలేను తల్లీ, నీ దగ్గర దాపరికమెందుకు. నాకావిడ కావాలి. ఈ లోకం చాలన్నాను చూడూ, చాల్లేదు.

ఏంటి? ఎవరు చెప్పారు? మన బిషప్పే చెప్పాడా? మేమందరం పోయాక మా పేర్ల మీద ముడి వెయ్యొచ్చా? వాడి ముడి వాడికుండగానే నాకూనా? మా రోజుల్లో ఆ మాటే లేదే. అంటే ముందు నేను పోవాలి. బాగుంది, పెళ్ళికొడుకు చస్తేగానీ పెళ్ళి కాదన్నమాట! నా బదులు ట్యానర్, ఆవిడ బదులు నువ్వు మోకాళ్ళ మీద కూర్చుంటారా? నిజంగా కూర్చుంటావా? మీరు ముడి వేసినా అక్కడ ఆవిడ ఒప్పుకోవాలి, అది నాకూ తెలుసులే. ఒప్పుకోకపోతే? నీకేం తెలుసు, చిన్నపిల్లవి. అయినా ఆ చొక్కా పట్టుకున్న పట్టు... ఏమో.

ఇదిగో, ఆవిడ బదులు అవునని అనేది నువ్వే కదా. అప్పుడు నాకు వినపడుతుందో లేదో ఎవరు చెప్పగలరు. ఒక్కసారి ఇప్పుడను. లోపలి మాటలు కాదు, అవి ఇక్కడ అనకూడదు. ఊరికే, "అవును రూలన్" అను. నవ్వకుండా.

ఆఁ.

ఆవిడ గొంతు ఇంకాస్త బొంగురు. వద్దు, మళ్ళీ అనకు, అక్కడైనా అడిగేది ఒక్కసారే. బయట బండి చప్పుడు, ట్యానరేనేమో చూడు. వెళ్ళి తలుపు తియ్యి, చలిలో నిలబెట్టకు.