అఖిల కనిపెట్టిన గోడ ఒరుగుదల

అఖిలను కన్న జమ్ములమ్మ గారూ, పాల్ గారూ, ధరూర్ నుంచి, బిజినేపల్లి నుంచి పనులు మానుకొని వచ్చిన పెద్దలారా, పిల్లలారా.

క్యాన్సర్‌తో ఏడాదిగా పోరాడిన మన అఖిల మొన్న మంగళవారం కన్నుమూసింది. ముప్పై మూడేళ్లు. వనపర్తిలో ఆమె తొమ్మిదేళ్లు పనిచేసిన సర్వే ఆఫీసు నాది. నా పేరు ఉమారాణి. దుఃఖం ఉంది. అయినా ఇవాళ గర్వంగానే మాట్లాడతాను.

ఆమె పనేమిటి? కట్టడాలను కొలవడం. స్కానర్ అనే యంత్రం తన చుట్టూ లేజర్ వెలుగు విసురుతుంది. వెలుగు తగిలిన ప్రతిచోటా ఒక చుక్క. కోట్ల చుక్కలు కలిసి కంప్యూటర్‌లో గోడలా, కప్పులా నిలబడతాయి. దాన్ని పాయింట్ క్లౌడ్ అంటారు. చుక్కలు యంత్రం ఇస్తుంది. ఏ చుక్క గోడది, ఏది దుమ్ముది, ఏది అడ్డంగా నడిచిన మనిషిది? అది తేల్చేది అఖిల.

చేరిన రెండో ఏడు గద్వాలలో ఒక పాత గోదాము కొలిచింది. నివేదిక ఇచ్చేశాం. అందరూ బాగుందన్నారు. వారానికి తనే వచ్చి, "మేడం, రెండు స్కాన్లు సరిగ్గ కలపలే. గోడ ఉన్నదానికన్న మందం చూపిస్తుంది. తప్పు నాదే, మల్ల పోయి తీస్త" అంది. మే నెల ఎండలో మూడు రోజులు మళ్లీ కొలిచింది. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు.

తర్వాత బిజినేపల్లి దగ్గర ఒక పల్లె బడి. రాయితో, మట్టితో కట్టిన పాత గది. ఎండాకాలంలో ఒకసారి, వానల్లో ఒకసారి స్కాన్ చేసి, రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూసింది. వెనక గోడ రెండు వేళ్లంత బయటికి ఒరిగింది. కంటికి తెలియదు. "మొన్ననే సున్నమేసినం, మంచిగనే ఉంది" అన్నారు ఊళ్లో. నిజం చెబుతున్నాను, వారం ఆగుదామని నేను కూడా అన్నాను.

అఖిల ఆగలేదు. ల్యాప్‌టాప్ తీసుకెళ్లి బడిపిల్లల తల్లులకు చూపించింది. "పచ్చగున్నది ఎండకాలం గోడ, ఎర్రగున్నది ఇప్పటి గోడ. నడుమల సందు చూడుండ్రి. నా లెక్క తప్పయితే నన్ను తిట్టుండ్రి. పిల్లలను మాత్రం ఆ గదిల కూసోబెట్టకుండ్రి."

తల్లులు నమ్మారు. ఆ రోజే పిల్లలను పక్కనున్న చర్చిలోకి మార్చారు. ఐదో రోజు, పాఠాలు జరిగే వేళ, గోడ కూలింది. గదిలో బల్లలు తప్ప ఎవరూ లేరు.

పాల్ గారూ, జమ్ములమ్మ గారూ, పుణెకు వలస వెళ్లి, మట్టి మోసి అఖిలను చదివించారు. మీ బిడ్డ చదువు ఇరవై ఆరుగురు పిల్లలను కాపాడింది. వాళ్లంతా ఇవాళ వచ్చారు.

పిల్లలారా, ముందు మీరు లేవండి. అఖిల అమ్మానాన్నలను మిమ్మల్ని ఒక్కసారి చూడనివ్వండి.

ఇప్పుడు మనమందరం లేద్దాం. రెండు నిమిషాలు, అఖిల కోసం, మౌనంగా.