ఫ్రెంచి హోటల్ మెట్ల మీద

హలో… ఆ, నేనే అత్తయ్యా.

లేదు, భోజనం ఇంకా అవలేదు. బయటికొచ్చి మాట్లాడుతున్నా. హోటల్ మెట్ల మీద కూర్చుని.

…ఏం కాలేదు. ఊరికే చేశాను.

…గొంతుకేం, బాగానే ఉంది.

మాస్టారు లోపలే ఉన్నారు. ఇంట్లో బుజ్జి ఎలా ఉందో కనుక్కుని వస్తానని చెప్పొచ్చా.

…ఆ, ఫ్రెంచి హోటలే. ఇదివరకు బ్యాంకు ఉండేది చూడండి, ఆ బిల్డింగులో. డబ్బు దాచే గదికుండే పెద్ద ఇనప తలుపు అలాగే ఉంచేశారు. దాని వెనకాల వంటిల్లు.

…మాస్టారు స్టేషన్ పక్కన ఇటాలియన్ హోటల్‌కే వెళ్దామన్నారు. నేనే వద్దన్నా. మీ అబ్బాయి కూర్చునే కుర్చీ కిటికీలోంచి కనబడుతుంది అత్తయ్యా. బస్సు అటు వెళ్తుంటే మొహం తిప్పేసుకుంటాను.

…మీరూనా? ఎప్పుడూ చెప్పలేదేం నాకు?

…గ్రీకు హోటల్ కూడా వద్దన్నా. నీలం కుర్చీలు వేసుంటాయే, అది. వచ్చే నెల అందర్నీ అక్కడికి తీసుకెళ్తానన్నారు కదా మీ అబ్బాయి. ఆ వచ్చే నెల ఎక్కడొచ్చింది మనకి…

సరే, సరే. ఏడవను.

…ఏం తిన్నామా? మెనూ చూసి లెక్కల మాస్టారే బిక్కమొహం వేశారు. పేరు బావుంది కదా అని ఒకదాని మీద వేలు పెట్టారు. ఏంటో తెలుసా? నత్తలు!

…నిజమత్తయ్యా, నత్తలే. వెన్న, వెల్లుల్లి వేసి. …ఛీ, తినలేదు. ఉల్లిపాయ సూప్ చెప్పాం. పైన రొట్టె ముక్క, దాని మీద చీజ్ కరిగించి. మాస్టారు ఆత్రంగా, పొగలు కక్కుతుండగానే ఓ చెంచాడు నోట్లో పెట్టుకుని, మింగలేక, ఉమ్మలేక… కళ్ళల్లో నీళ్ళు, ముక్కు ఎర్రగా. నాకు నవ్వాగలేదు. పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు.

…అవును, నవ్వాను. గట్టిగానే.

…మీరు సంతోషపడతారని తెలుసు. అందుకే ముందు అది చెప్పా.

తర్వాత… తర్వాత ఆయనొక మాట అడిగారు.

…పెళ్ళి సంగతీ ఎత్తారు. కానీ ముందు అడిగింది ఇది. 'మీ అత్తయ్యగారు ఇంకా ఎన్నాళ్ళు మీతో ఉంటారు?' అని.

…తప్పని నేనన్నానా? మెత్తగానే అడిగారు. రొట్టె తుంచుకుంటూ, ఈ వాన ఎప్పుడు తగ్గుతుందో అన్నట్టు.

…ఎందుకంతలా వెనకేసుకొస్తున్నారు? మీరు ఆయన్ని చూసింది ఒక్కసారి, అదీ గేటు దగ్గర.

…ఏంటా చప్పుడు? …బుజ్జికివ్వండి ఫోను. …ఇవ్వండి అత్తయ్యా.

బుజ్జీ! బంగారం, తిన్నావా? …మంచిదానివి. నాన్నమ్మ ఏం చేస్తోందమ్మా?

…ఏ పెట్టె? …చీరలన్నీనా?

…నాన్న ఫోటో కూడానా?

…నాకు చెప్పొద్దందా. సరే, నువ్వేం చెప్పలేదులే. ఫోను నాన్నమ్మకిచ్చెయ్.

ఎక్కడికి అత్తయ్యా?

…మీ చెల్లెలింటికా. ఉన్న ఒక్క గదిలో ఐదుగురు సర్దుకుంటున్నారు. మిమ్మల్నెక్కడ పెడతారు, అటక మీదా?

…అడ్డమా? నాకు మీరు అడ్డమా?

…అందుకేనా పొద్దున చీర ఇస్త్రీ చేసి మరీ నన్ను గుమ్మం దాటించారు!

…ముందు నా మాట వినండి. మాస్టారు నాకు నచ్చారు. అవును, నచ్చారు. అదే నా ఏడుపు. మంచి మనిషి. బుజ్జిని కూడా బాగా చూసుకుంటారు. కానీ మీ అబ్బాయి నవ్వే ముందు ముక్కుతో చిన్న చప్పుడు చేసేవారని ఈ లోకంలో గుర్తున్నది మనిద్దరికే కదా? మీరెళ్ళిపోతే నేనెవరితో చెప్పుకోను? మీరెవరితో చెప్పుకుంటారు?

…చిన్న వయసు, చిన్న వయసు! ఆపండిక.

అయ్యో… మాస్టారొస్తున్నారు. పెట్టెయ్యకండి, ఉండండి.

మాస్టారూ, మీరెందుకు లేచొచ్చారండీ… సూప్ చల్లారిపోదూ?

…లేదండీ, ఒంట్లో బాగానే ఉంది. ఇంటికెళ్తాను.

…మీరు చెడ్డగా అడగలేదు. నాకు తెలుసు.

…దగ్గర్లోనే ఆవిడకి వేరే గది చూద్దామంటారా?

…మంచి మనసుతోనే అంటున్నారు. కానీ మాస్టారూ… మా ఆయన పోయారని డాక్టరు చెప్పినప్పుడు, మా అత్తయ్య ముందు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించింది. నేను గ్లాసు ఖాళీ చేశాక, అప్పుడు ఏడ్చింది. కన్నకొడుకండీ ఆవిడకి.

…ఎన్నాళ్ళంటే, ఉన్నన్నాళ్ళూ. నా దగ్గర ఇంకో జవాబు లేదు.

…వద్దండీ, దింపక్కర్లేదు. బస్సుంది.

…అలా నిలబడకండి, నాకింకా కష్టంగా ఉంటుంది. స్కూల్లో కనబడితే మామూలుగా పలకరించండి, అంతే చాలు.

…

అత్తయ్యా… విన్నారుగా.

…వెళ్ళారు. తలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశారు.

…తిట్టండి. పిచ్చిదాన్నే.

…ఊరుకోండి, బుజ్జి చూస్తుంది. …నేనా? నేనూ ఏడుస్తున్నా. నడిరోడ్డు మీద. ఎవరేమనుకుంటే నాకేం?

…ఆ, అదిగో, బస్సు మలుపు తిరిగింది.

అత్తయ్యా, ఆకలేస్తోంది. నాక్కాస్త ఏమన్నా ఉంచండి. …సరే. పెట్టేస్తున్నా.