సుభద్ర కుడి మోకాలు

(రాయ్‌పూర్, వ్యాగన్ రిపేరు షాపువాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. రైల్వే క్వార్టరు వెనక రేకుల షెడ్డు. పాత మారుతి కారు కింద దూరి దానయ్య, పక్కన కుర్చీలో అతని బావ సూర్యారావు, గుమ్మంలో సుభద్ర.)

“…ఆగరా దానయ్యా, తుప్పంతా గీకీకు. ఆ తుప్పు మీదే నిలబడి ఉంది కారు. అది కాస్తా పోతే మనకి మిగిలేది హారనే.”

“అడుగు మొత్తం ఇలాగే ఉంది బావా. వేలు పెడితే అవతలకొచ్చీసింది. ఇదిగో, కనబడతందా?”

“కనబడతంది. అలాగే ఉంచు, గేరు రాడ్డు అనుకుంటాను.”

“ఆదివారం పూట సిల్తారా ప్లాంటు నుంచి పడుతూ లేస్తూ వస్తే ఇదా మర్యాద? అక్కా, విన్నావా నీ మొగుడి మాటలు?”

“ఇరవయ్యేళ్లుగా వింటన్నాను. టీ తాగు. మావా, ఇదిగో నీది. పంచదార లేదు.”

“పంచదార లేనిదాన్ని టీ అనకే సుభద్రా. కషాయం అను, మర్యాదగా తాగుతాను.”

“సుగరు ఉందిరా బాబూ అని డాక్టరు మొత్తుకుంటే మోవా బజారులో బండి దగ్గర జిలేబీలు మేసినావు. ఏటైనాది? కుడికాలు మోకాలి కింద నుంచి తీసీసినారు.”

“అవును మరి. నా కాలు మీద ఆ బండివాడు రెండంతస్తుల మేడ కట్టినాడు. గృహప్రవేశానికైనా పిలవలేదు, వెధవ.”

“బావా, నవ్వించకు, తుప్పంతా కళ్లల్లో పడతంది!”

“అయినా ఎందుకురా ఈ గీకుడు? నాలుగేళ్లుగా ఇందులో కుక్కలు పిల్లల్ని పెట్టినాయి, ఎలకలు వైర్లు తిని బతికినాయి. పాత ఇనుము కొనే కబాడీవాణ్ని పిలిస్తే ఉన్నదున్నట్టు ఎత్తుకెళ్తాడు గదా.”

“అమ్మడానికి కాదు మావా. నడపడానికి.”

“ఎవరు నడుపుతారు? నీ తమ్ముడా? వీడికి సైకిలు దిగడమే రాదు. పడతాడు, దాన్నే దిగడం అంటాడు.”

“నాను.”

“నువ్వేటి?”

“నానే నడుపుతాను. పొద్దున్నపూట నేర్చుకోడానికెళ్తన్నాను.”

“దానయ్యా, బయటకి రారా. మీ అక్కకి ఎండదెబ్బ తగిలింది.”

“నాకు ముందే తెలుసు బావా.”

“ఎండదెబ్బా?”

“కారు సంగతి.”

“నవ్వడం అయిపోయిందా ఇద్దరికీ? ఇంకోటి కూడా విను మావా. నాకు కుడి మోకాలు నొప్పి. ఆ కాలితో తొక్కలేను. అందుకని బ్రేకూ, యాక్సిలరేటరూ చేత్తో ఆడించేలాగ చేసిపెట్టాలి నువ్వు.”

“కుడి మోకాలా?”

“కుడిదే.”

“మరి ఎడమది?”

“ఎడమది బంగారం. క్లచ్చి ఎంతసేపైనా తొక్కుతాను.”

“ఇదెక్కడి నొప్పే? కుడి మోకాలికొచ్చి ఎడమదానికి సెలవిచ్చిందా?”

“నాకేటి తెలుసు? వచ్చింది. డాక్టరు అలాగే చెప్పినాడు.”

“ఏ డాక్టరు?”

“ఉన్నాడొక డాక్టరు.”

“ఎప్పుడెళ్లినావు?”

“టీ చల్లారిపోతంది, తాగు.”

“అడిగినదానికి—”

“తాగమన్నానా!”

(మరో ఆదివారం. అదే షెడ్డు.)

“కొత్త రేకు అతుకు పడింది బావా. ఇప్పుడు నిలబడి గెంతినా అడుగు ఊడిపోదు. గెంతి చూపించనా?”

“వద్దు. అతుకు వేసింది నువ్వు. నాకు నీ మీదున్న నమ్మకం అంతంతమాత్రం.”

“వెనక డిక్కీ మీద రెక్క కూడా పెడదాం. స్పోర్ట్స్ కారులాగ ఉంటాది. మా ప్లాంటులో రేకు ముక్కలకి కొదవా?”

“నిన్నటిదాకా అడుగే లేని కారుకి రెక్కలా? ఎగిరిపోద్ది. పక్కకి జరుగు. ఆ కడ్డీ ఇలా తే.”

“ఇదేనా లివరు?”

“ఇదే. బ్రేకు పెడలుకి ఈ కడ్డీ. యాక్సిలరేటరుకి ఈ తీగ. రెండూ వచ్చి స్టీరింగు కింద, కుడిపక్క, ఈ పిడికి కలుస్తాయి. ముందుకి తోస్తే బ్రేకు. వెనక్కి లాగితే స్పీడు.”

“అది తిరగేసి పెడితే సులువు కదా బావా? ముందుకి తోస్తే ముందుకెళ్తాది.”

“పాగల్‌గాడా, కంగారులో మనిషి ఏం చేస్తాడు? ముందుకి తూలతాడు. తూలినప్పుడు చెయ్యి ముందుకెళ్తాది. అప్పుడు బండి ఆగాలా, ఇంకా ఉరకాలా?”

“…ఆగాలి.”

“బస్, అంతే. ముప్పయ్యేళ్లు వ్యాగన్ల బ్రేకులతో కుస్తీ పట్టినోణ్ని. వ్యాగన్లన్నీ నా మాట విన్నాయి. మీ అక్క ఒక్కర్తే వినలేదు.”

“వ్యాగన్ షాపులో నీ జోడీదారుగా చేసిన జోగయ్య కనబడ్డాడు బావా. నిన్ను అడిగినాడు. ఏడాదై గేటు దాటి రాలేదేటి మీ బావ, మా మీద అలిగినాడా అన్నాడు.”

“పోయిన కాలు వెతుక్కోడానికి ఊరెళ్లాడని చెప్పు.”

“నువ్వే చెప్పొచ్చుగా. సాయంకాలం టీ కొట్టు దగ్గరే ఉంటారు అందరూ. చలో, తీసుకెళ్తాను.”

“ఆ స్పేనరు ఇలా ఇయ్యి.”

“బావా, నాను అడిగింది—”

“స్పేనరు అడిగినాను దానయ్యా.”

“…ఇదిగో.”

“ఒలే సుభద్రా! ఓసారి ఇలా రా. సీట్లో కూర్చో. పిడి ఎంత ఎత్తులో ఉండాలో కొలత తీసుకోవాలి.”

“పప్పు పొయ్యి మీదుంది మావా. నువ్వే కూర్చుని చూసుకో.”

“నా చెయ్యీ నీ చెయ్యీ ఒకటా? నా చెయ్యి చాటంత, నీది పూరీ అంత.”

“ఏదో ఒక చెయ్యి. పప్పు మాడితే తినేది నువ్వే.”

“చూసినావురా? కారు ఆవిడది, మోకాలు ఆవిడది, కూర్చునేది మాత్రం నాను. ఆ కర్ర పట్టుకో. భుజం… నీ భుజం ఇటివ్వు. నెమ్మది, నెమ్మదిరా, బస్తా దింపుతన్నావా?”

“కూర్చున్నావా?”

“కూర్చున్నాను.”

“చెయ్యి అందుతందా పిడికి?”

“ముందుకి తోస్తే బ్రేకు… వెనక్కి లాగితే స్పీడు…”

“ఏటి బావా, నీలో నువ్వే మాటాడుకుంటన్నావు?”

“ఏటీ లేదు. సీటులోంచి కుక్క వాసనొస్తంది.”

“దించనా?”

“తొందరేటి? కొలత సరిగ్గా తీసుకోవద్దా?”

“టేపు నా దగ్గరే ఉంది బావా.”

“నాకు టేపు అక్కర్లేదురా. నువ్వెళ్లి పప్పు సంగతి చూడు.”

(ఆ తరువాత కొన్నాళ్లకు. పొద్దున్నే. కాలనీ దసరా మైదానం. మైదానం మధ్యలో మామిడిపండు రంగు వేసిన మారుతి. స్టీరింగు ముందు సుభద్ర, పక్క సీట్లో సూర్యారావు, వెనక దానయ్య.)

“ఈ రంగేటే? దూరం నుంచి చూసినోళ్లు రసం పిండుకుందామని వస్తారు.”

“నాకు నచ్చింది. నువ్వు ఇటు చూడు మావా. ఎవరూ లేరు మైదానంలో. అందుకే ఇంత పొద్దున్నే తమ్ముడిచేత కారు తోయించి తెచ్చినాను.”

“చూసి వెళ్లిపోడానికే వచ్చినాను. ఎవరైనా ఎదురొచ్చి ‘అరె సూర్యారావ్, కైసా హై’ అన్నారంటే నన్ను ఇంట్లో దింపీయండి. ముందే చెప్తన్నాను.”

“ఎవరూ రారు. ఏటేటా దసరాకి రావణుణ్ని కాల్చేది ఇక్కడే గదా. అంతటివాడికే భయం లేదు, నీకేటి?”

“వాడికి పది తలలు. ఒకటి పోయినా పని జరిగిపోద్ది. ఆర్టీవో ఆఫీసువాళ్లు చూసి కాగితం రాసిచ్చేదాకా రోడ్డు మీదకి తియ్యకూడదు, తెలుసు గదా? ఈ గుండ్రంలోనే తిప్పాలి. ఊఁ, కానీ. క్లచ్చి తొక్కు.”

“తొక్కినాను.”

“అది క్లచ్చి కాదే, నా కర్ర.”

“ఇదా?”

“ఆఁ. గేరు వెయ్యి. ఇప్పుడు పిడి నెమ్మదిగా లాగి, క్లచ్చి నెమ్మదిగా వదులు. నెమ్మది… నెమ్మదంటే—”

“అమ్మా! తల పగిలింది అక్కా!”

“ఆగిపోయింది మావా.”

“ఆగలేదే, చచ్చిపోయింది. మళ్లీ స్టార్టు చెయ్యి. గేరు తీసి చెయ్యి. గేరు… సుభద్రా, గేరేదో నీకు తెలుసా?”

“…తెలుసు.”

“చూపించు.”

“ఇదే గదా.”

“అది కిటికీ అద్దం తిప్పేది. ఇన్నాళ్లబట్టి పొద్దున్నే ఎక్కడికెళ్తన్నావే నువ్వు? ఆ నేర్పినోడెవడు? వాణ్ని నా ముందుకి తే.”

“ఎవడూ లేడు.”

“అంటే?”

“నేర్చుకోడానికి ఎక్కడికీ వెళ్లలేదు మావా. పక్క క్వార్టరు దుర్గారావుగారింటికి వెళ్లి వాళ్లావిడతో కబుర్లు చెప్పుకుని వస్తన్నాను.”

“కబుర్లా!”

“బావా, అక్కని తిట్టకు. నాకూ తెలుసు. తిడితే నన్నూ కలిపి తిట్టు.”

“నువ్వు నోర్ముయ్యరా. కబుర్లు చెప్పుకునేదానికి కారెందుకే? చేతి బ్రేకెందుకు? ఆ మోకాలు—”

“మోకాలికేటీ లేదు. రెండూ బాగానే ఉన్నాయి. అలా చూడకు మావా. తిట్టు. తిడితే బాగుంటాది. ఏడాదిగా ఆ కుర్చీలోనే కూర్చున్నావు. పలకరించడానికి ఎవరొచ్చినా పడుకున్నాడని చెప్పమంటావు. టీ కొట్టుకి వద్దు, గుడికి వద్దు, షాపువాళ్ల మొహం చూడనంటావు. కారు బాగుచెయ్యి, నువ్వే నడుపుదువు గాని అని అంటే చేసుందువా? పళ్లెం విసిరి కొట్టుందువు. నాకోసం అన్నాననుకో, తిడుతూనైనా చేస్తావు. అందుకే… మావా, ఏదైనా అను.”

“దానయ్యా.”

“ఆఁ బావా.”

“దిగు. నా తలుపు తియ్యి.”

“ఇంటికెళ్లిపోదామా బావా? నడవలేవు, ఆటో పిలుస్తానుండు. అక్కా, నాను ముందే చెప్పినాను, కోపం వస్తాదని—”

“ఆటో ఎందుకురా? నీ భుజం ఇయ్యి. ఇటు కాదు, కారు ముందు నుంచి తిప్పి అవతలపక్కకి నడిపించు. సుభద్రా, దిగవే.”

“దిగి?”

“దిగి పక్క సీట్లో కూర్చో. కొంగు తలుపులో ఇరుక్కోకుండా చూసుకో.”

“మావా… నిజంగానా?”

“దానయ్యా, నువ్వు వెనక్కి ఎక్కీయి. తలకి చెయ్యి అడ్డం పెట్టుకో, ఈసారి పగలదులే గాని. నీ ఆనందం కొద్దీ గంతులెయ్యకు, అడుగు ఊడిపోద్ది.”

“గెంతినా ఊడదు బావా, అతుకు నాది!”

“సీటు కాస్త వెనక్కి జరపనా మావా? నీకు ఇరుగ్గా ఉంటాది.”

“అక్కర్లేదు. సరిపోయింది.”

“పిడి అందుతందా?”

“అందకేటి? నా చేతి కొలతే గదా.”

“అవునులే, ఆ రోజు నువ్వే కూర్చున్నావు గదా కొలతకి. అప్పుడే అనుకున్నాను, ఇంక పనైపోయింది, ఈ మనిషికి అనుమానం రాలేదు అని.”

“ఆ రోజుదాకా ఎందుకే? నీకు మోకాలి నొప్పన్న రోజే, నాతో టీ తాగించి లోపలికెళ్లి స్టూలెక్కినావు. అటక మీంచి ఆవకాయ జాడీ దింపుకుని, అంత బరువుతోనూ ఆ కుడికాలి మీదే దిగినావు. కిటికీలోంచి చూస్తానే ఉన్నాను.”

“అంటే… మొదటినుంచీ తెలుసా నీకు?”

“తెలుసు.”

“మరి ఆ తిట్లన్నీ? కొలతకి కూర్చోవే అని నన్ను పిలవడం, ఇందాకా గేరేదో చూపించమనడం… తెలిసి ఎందుకు ఊరుకున్నావు మావా? ఒక్కసారైనా అడగొచ్చుగా!”

“అడిగితే నువ్వు నిజం చెప్పీసుందువు సుభద్రా. చెప్పుంటే, నాను వద్దని ఉందును.”