మందు కొట్టిన బెండకాయలు

దుమ్ముగూడెం సంతలో హైమ బెండకాయల గంప ముందు కూర్చుని ఏరుకుంటోంది. అమ్మే పున్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“అవి వద్దమ్మా. బీరకాయలు తీసుకపోండ్రి.”

“ఎందుకు? ఇంత లేతగా ఉంటే?”

“నిన్న పొద్దుగూకే యాళ్లకు మా ఆయన పురుగుల మందు కొట్టిండు. వారమన్నా ఆగాలె. ఆగితే ముదిరిపోతయని పొద్దున్నే కోసుకొచ్చినం.”

“మరి మీరేం తింటారు?”

“ఇంటెనక రెండు సాళ్లు వేరే పెట్టుకున్నం. వాటికి కొట్టం.”

“నాకైతే చెప్పావు. ఈ గంపంతా ఎవరికి?”

“మీ ఇంట్ల పసిపిల్ల ఉందని చెప్పిన. ఇయ్యన్నీ కోయ పిల్లల హాస్టలోళ్లు తీసుకపోతరు.”

“వాళ్లూ పిల్లలే కదా, పున్నమ్మా.”

“అవ్, పిల్లలే. ఒక్క పుచ్చు కనబడితే మీరు గంప దిక్కు చూడకుండ పోతరు. మందు కొట్టక ఏం జెయ్యాలె?”

“అయినా తప్పు కదా.”

“తప్పే. అగో, హాస్టల్ వంటాయన వస్తుండు. నేను చెప్తే నా బేరం పోతది. మీకు పోయేదేం లేదు, మీరు చెప్పుండ్రి.”

“నాకెందుకొచ్చిన గొడవ? బీరకాయలు తూచు, ఎండెక్కుతోంది.”

పున్నమ్మ తూచి సంచిలో పోసింది. హైమ సంచి అందుకుని లేచేసరికి వంటాయన గంప దగ్గరికి వచ్చాడు.

“బెండకాయలు మంచిగున్నయా అమ్మా?” అని హైమనే అడిగాడు.

హైమ పున్నమ్మ వైపు చూడలేదు.

“బాగానే ఉన్నాయి” అని, ఆయనకు దారి ఇచ్చి వెళ్లిపోయింది.