సీలింగ్ దగ్గర ఆగిపోయిన గోడ

హలో… ఆ, నేనేనక్కా. చెప్పు.

లేదు, క్లాసు అయిపోయింది. అందరూ వెళ్ళిపోయారు… గొంతు అలా ఉందా? ఏడవలేదు. జలుబూ కాదు. అసహ్యం, అంతే.

…బావ అప్పుడే చెప్పేశారా? మెట్లు దిగి పది నిమిషాలు కూడా కాలేదే. ఆయన ఫోన్ చెయ్యమంటే చేశావన్నమాట… సరే, అలా అనుకోనులే.

ఊఁ… ఊఁ… "మీ చెల్లెలు అందరి ముందూ నా పరువు తీసింది" అన్నారా.

ఆయన చెప్పింది విన్నావుగా. ఇప్పుడు నాదీ విను.

ఆ కట్టడం దేనికో తెలుసా నీకు? "ప్రభుత్వానిది" అంటే సరిపోదక్కా. ప్రాణభయం ఉన్న సాక్షులు వచ్చి ధైర్యంగా నోరు విప్పడానికి కడుతున్నారు. దాని ప్లాన్ గీసేవాళ్ళకీ కట్టేవాళ్ళకీ జాగ్రత్తలు నేర్పమని నన్ను పంపించారు. వాళ్ళ మీద అధికారి బావే అని నాకు వెళ్ళాకే తెలిసింది — అవును, ఆ రోజే మా పైఅధికారికి చెప్పాను, మా అక్క భర్త అని. పర్లేదు, కానిమ్మన్నారు.

మొదటి పాఠం ఏంటనుకున్నావు? ఫోన్లు బయట బల్ల మీద పెట్టి లోపలికి రావడం. అంతే. అందరూ పెట్టారు. బావ ఒక్కరే జేబులో వేసుకొచ్చారు. అడిగితే, "నాకు పెద్దపెద్దవాళ్ళు చేస్తుంటారమ్మా" అన్నారు. మిగతావాళ్ళు చూస్తూ ఊరుకుంటారా? టీ తాగి వచ్చేసరికి అందరి జేబుల్లోనూ ఫోన్లే.

— లేదు, కోప్పడలేదు. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.

తర్వాత ఒకమ్మాయి సంగతి చెప్పాను. నీకెప్పుడూ చెప్పలేదులే… వేరే భవనంలో వాంగ్మూలం ఇచ్చింది. తలుపు గట్టిదే, తాళం గట్టిదే. గోడ మాత్రం ఫాల్స్ సీలింగ్ దాకానే కట్టారు. దాని పైనంతా ఖాళీ. పక్క గదిలో కూర్చున్న నిందితుల మనిషికి ఆ అమ్మాయి ప్రతి మాటా వినబడింది. మర్నాడు వాళ్ళ తమ్ముణ్ణి బస్సు దిగుతుంటే పట్టుకున్నారు…

బతికాడు. బతికాడులే. నడవలేడు.

ఇది చెప్పి ఆగాను. అందరూ నావైపే చూస్తున్నారు. హమ్మయ్య, కాస్తయినా తాకింది అనుకున్నాను. వెనకనుంచి ఒకాయన చెయ్యెత్తాడు. ఏదో అడుగుతాడని చూస్తే — "మేడమ్, భోజనం ఎన్నింటికి?"

నవ్వారక్కా. బావ కూడా.

…ఆకలేస్తే అడగరా అంటావా. అడగచ్చు. కాదనను.

ఇవాళ కట్టడం దగ్గరికే తీసుకెళ్ళాను, నేర్చుకున్నది కళ్ళారా చూస్తారని. సాక్షులు మాట్లాడే గది… రంగులేశారు, సోఫా వేశారు, కుండీలో ప్లాస్టిక్ మొక్క ఒకటి. కుర్చీ ఎక్కి సీలింగ్ పలక ఎత్తాను. గోడ అక్కడికే ఆగిపోయింది. అవతల గదిలో ఎలక్ట్రీషియన్ వాళ్ళావిడతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. పిల్లకి ఏ రంగు చెప్పులు కొనాలో… పక్కన నిలబడి చెబుతున్నట్టే వినబడింది.

దిగి బావ మొహం చూశాను. చీమ కుట్టినట్టు కూడా లేదు. "రంగులైపోయాయమ్మా, పైకెక్కి చూసేదెవరు?" అన్నారు. పక్కాయన ప్రారంభోత్సవం అయ్యాక చూసుకుందాం అన్నాడు. ఇంకొకాయన ఆ ప్లాస్టిక్ మొక్క పక్కన నిలబడి ఫోటో దిగుతున్నాడు.

తెలియక చేస్తే నేర్పుతాం. నిన్న పరీక్ష పెడితే ఆ గోడని పై శ్లాబు దాకా తప్పు లేకుండా గీసింది బావే. అందరికంటే బాగా.

అందుకే ఎవరినీ పాస్ చెయ్యనన్నాను. పని ఆపమన్నాను. ఆ పరువే పోయింది మరి.

…ఆ. బావ ప్రమోషన్ ఆగిపోతుంది. తెలుసు.

…మర్చిపోలేదు. అమ్మ పోయాక నాకు జడలేసింది నువ్వే, అన్నం తినిపించింది నువ్వే. అదంతా ఇందులోకి లాగకు.

…ఏంటీ? మళ్ళీ అను.

"లిఫ్టు వెనక మూల గదికి ఇంత రాద్ధాంతమా" అన్నావు కదూ.

అక్కా. ఆ గది ఎక్కడుందో నేను చెప్పలేదు.

— లేదు. సోఫా అన్నాను, మొక్క అన్నాను. లిఫ్టు మాట ఎత్తలేదు. ఎక్కడ చూశావు?

…బావ ఫోన్లో. ప్లాన్.

…మీ అత్తగారి పుట్టినరోజు నాడు. భోజనాల దగ్గర. ఎవరెవరున్నారు?

…మీ తోడికోడలు. ఆవిడ తమ్ముడు. వడ్డించేవాళ్ళు… నువ్వే ఇచ్చావా వాళ్ళ చేతికి? మా ఆయన ఎంత పెద్ద పని చేస్తున్నారో చూడండని.

ఊఁ.

ఆ తమ్ముడు పంపించమంటే బావ పంపించారా? ప్లాన్ మొత్తమా? సాక్షుల్ని లోపలికి తెచ్చే వెనక దారి కూడా ఉంటుంది కదక్కా అందులో.

…ఇంటివాళ్ళే కదా అంటావు. ఇందాక బావ కూడా ఇలాగే అన్నారు, చూసేదెవరు అని. ఆయన అంటే ఒళ్ళు మండింది. నువ్వూ అదే అంటున్నావు.

ఏడవకు. విను. ఇప్పుడే వెళ్ళి మా పైఅధికారికి చెప్పాలి… లేదు, రేపు కాదు. ఆ దారి మార్చాలి, ఆ గది మార్చాలి. ఆ భోజనానికి వచ్చినవాళ్ళందరినీ పిలుస్తారు. నిన్నూ పిలుస్తారు. ఉన్నదున్నట్టు చెప్పు. ఫోన్లో ఏదీ చెరపనివ్వకు, చెరిపితే ఇంకా పెద్దదవుతుంది.

— చెల్లెలినే. కాదని ఎవరన్నారు?

…సరే. మీ గుమ్మం తొక్కను.

రానులే అక్కా, రాను. ఒక్కటి మాత్రం చెప్పు. మీ తోడికోడలి తమ్ముడు దాన్ని ఇంకెవరికి పంపించాడు?

…తెలియదా, చెప్పవా?

హలో… అక్కా… హలో…