ఫోన్లో అమ్మిన అక్క మిషను

"అక్క ఎంబ్రాయిడరీ మిషన్ని ఫోన్లోనే అమ్మేశా!" టీకొట్టు బెంచీ అంతా తనదే అన్నట్టు కాళ్లు చాపాడు తమ్ముడు.

"ఆవిడా, నలుగురు ఆడవాళ్లూ దానిమీదే కదరా బతికేది?" అన్నాడు మెకానిక్.

"ఆడమనిషికి ఎన్నాళ్లీ చాకిరీ? నేనే విముక్తి కలిగించా."

"ఫోన్లో అమ్మితే మన షరీఅత్‌లో చెల్లుతుందా?"

"భేషుగ్గా! నేను 'అమ్మాను' అన్న మజ్లిస్‌లోనే, అంటే ఆ కూర్చున్న బైఠక్కు ముగిసేలోపే, అవతలివాడు 'కొన్నాను' అనాలి. అతనేమో సముద్రం అవతల. వీడియోలో నేను 'అమ్మాను' అన్నానో లేదో, సిగ్నల్ పోయింది! అప్పుడేం చేశానో తెలుసా? కుర్చీలోంచి లేవలేదు. లేస్తే మజ్లిస్ చెదిరిపోదూ? కుర్చీతో సహా డాబా ఎక్కా. అక్కడా లేదు. కుర్చీతో సహా సెల్ టవరెక్కా."

"కూర్చునేనా?"

"కూర్చునే! గాలికి టవర్ ఒరిగిపోతుంటే భుజం ఆన్చి నిలబెట్టా. ఇంతలో నెత్తిమీంచి ఉపగ్రహం జారిపోతోంది, తువ్వాలు విసిరి ఒడిసి పట్టా. ఆ తర్వాత చూడండి నా అవస్థ! అతని 'కొన్నాను' సముద్రం మీంచి వస్తూ వస్తూ తడిసి ముద్దయింది, ఒక్క ముక్క వినపడదే! బట్ట పిండినట్టు పిండి, టవర్ మీద ఆరేసి, ఆరాక విన్నా. అక్క షాపు పేరుమీద ఒప్పందం తెరిచి 'అంగీకరిస్తున్నాను' నొక్కా. ఆ నొక్కుడికి రేవులో ఓడలన్నీ ఒక్కసారి కూత పెట్టాయి!"

"మిషను ఎవరిదిరా?"

వెనక అక్క. కొంగుమీద దారప్పోగులు. పనివాళ్లకి టీ చెప్పడానికి వచ్చింది.

"మనదే కదక్కా."

"మనది కాదు, నాది. నా సంపాదనతో కొన్నది. యజమానిని అడక్కుండా ఎవడో అమ్మితే, ఆ బేరం యజమాని 'సరే' అనేదాకా గాల్లో వేలాడుతుందట. ముఫ్తీగారిని అడిగొచ్చా."

"అయితే... 'సరే' అనేస్తావు కదా?"

"ఇందాకే కొనేవాడికి ఫోన్ చేసి 'వద్దు' అన్నా. 'తప్పు నాదేనమ్మా, ముందే నిన్నడగాల్సింది' అన్నాడు పాపం."

టీకొట్టంతా గొల్లుమంది. తమ్ముడు ఒక్క క్షణం నేల చూసి, మళ్లీ ఛాతీ పొంగించాడు.

"విన్నారా మా అక్క మాట! ఆ ఒక్క 'వద్దు'కి నడిసముద్రంలో ఓడలు..."

"ఓడల సంగతి తర్వాత. మిషనుకి తాళ్లు బిగించింది నువ్వేగా, వచ్చి విప్పు. అయిదుగురం పని ఆపుకుని కూర్చున్నాం."

లేచాడు. ఈసారి కుర్చీ లేకుండానే.