దున్యా రక్తంలో సున్నా

నీష్ ఊళ్ళో పిల్లల ఐసీయూ బయట ఓ నాయనమ్మ నర్సుకి అడ్డంగా నిలబడింది.

"మూడేళ్ళ మా దున్యాకి సారా పోశారట! మతుండే చేశారా?"

"పోయలేదు మామ్మగారూ. యూరిన్ పైపులో క్రిములు చావాలని కాస్త ఆల్కహాల్ నింపి, కాసేపాగి వెనక్కి లాగేశాం."

"లోపలికి పోలేదని నీకెవరు చెప్పారు?"

"రక్తపరీక్ష చెప్పింది. ఆల్కహాల్ సున్నా. జ్వరం కూడా దిగింది, గండం గడిచినట్టే."

"నిజంగా సున్నాయేనా తల్లీ?"

"సున్నాయే. ముందు కూర్చోండి."

"ఇది పుట్టిన రోజున మా ఆయన రాకియా అనే పళ్ళసారా పీపా పాతిపెట్టాడు. దీని పెళ్ళినాడు దాన్ని తవ్వి తీయాలని, దీని నోట పడే మొదటి సారాచుక్క అదే కావాలని ఆయన పంతం."

"అయితే ఆయనకి ఫోన్ చేసి చెప్పండి."

"చెప్తాను. మా ఇంటిల్లిపాదిలో ఆ పరీక్షకి సున్నా వచ్చేది దీనికొక్కదానికేనని కూడా చెప్తాను!"